కంబగిరి చిటికెడు

త్రాసు ఇంకా మనవైపు రాలేదు. కొలతలన్నీ మనుషుల చేతుల్లోనే ఉండేవి. అప్పటి మాట ఇది. ఏ రాజు కాలమని అడగొద్దు, నాకు చెప్పినవాళ్లకే తెలీదు.

రాళ్లవాగు పక్కన వారానికోసారి సంత జరిగేది. ఆ చుట్టుపక్కల ఊళ్లేలే పాలెగాడిదే ఆ సంత. చుట్టూ ముళ్లకంచె, లోపలికి ఒకటే దారి. ఆ దారిలో సుంకం ఇచ్చి పోవాలి. గంపకు పిడికెడు, మూటకు పిడికెడు, బండికి పిడికెడు. ఏ సరుకు తెస్తే ఆ సరుకులోనే.

పాలెగాడి కరణానికి తెలివి కాస్త ఎక్కువ. సుంకం పిడికెడే అయినప్పుడు, పిడికిలి పెద్దదైతే రాబడీ పెద్దదే కదా అనుకున్నాడు. మూడూళ్లు తిరిగి, మూడు వందల చేతులు చూసి, రాళ్లు కొట్టుకునే కంబగిరిని పట్టుకొచ్చాడు. కంబగిరి చెయ్యి గంపలో పడిందంటే సోలెడు సరుకు పైకి లేచేది. కూర్చోబెట్టి జీతమిస్తామంటే అతను పొంగిపోయాడు. ఆ చేతికి రోజూ నూనె రాసుకునేవాడట.

మద్దమ్మ అనే ఆమె ఆ సంతలో ఆవాలు అమ్మేది. మొగుడు లేడు, చేను లేదు. ఊళ్లల్లో ఆవాలు కొని, గంపకెత్తుకొచ్చి అమ్మి, తిండికి పోను మిగిలినదాంతో మళ్లీ ఆవాలు కొనేది.

కంబగిరి సుంకానికి కూర్చున్న మొదటి వారం నాలుగు సోలలు తెచ్చింది. కంబగిరి పిడికెడు తీశాడు. రెండో వారం మూడు సోలలే తెచ్చింది. కంబగిరి పిడికెడు తీశాడు. మూడో వారం గంప దించితే లోపల రెండే సోలలున్నాయి.

"తీసుకో నాయనా. ఈ వారం నీకొకటి, నాకొకటి. వచ్చే వారం ఆ ఒకటీ నీదే. ఆపైన నేను సంతకు రాను" అంది మద్దమ్మ.

"నేనేం చేసేదమ్మా? దొర మాట అది."

"నిన్నేమన్నానప్పా? నీ చెయ్యి పెద్దది, నా గంప చిన్నది. అంతే గదా!"

ఆమె వెనక కందుల బండి వచ్చి ఆగింది. బస్తాల మీద బస్తాలు. వాళ్లిచ్చేదీ పిడికెడే. కంబగిరి తన చేతికేసి చూసుకున్నాడు. సిగ్గేసింది. గంపలో రెండు వేళ్లు పెట్టి చిటికెడు తీసి, "పో అమ్మా" అన్నాడు. ఆరోజు నుంచి నెత్తిన గంపతో ఎవరొచ్చినా చిటికెడే తీశాడు.

మూడు నెలలు తిరిగేసరికి సుంకపు కుండలు వెలితిపడ్డాయి. కరణం ఆరా తీసి, కంబగిరిని కొలువుకు ఈడ్చుకుపోయాడు.

"దొరా, వీడు మీ సుంకం వదిలేశాడు. ఆ చెయ్యి నరికించాల్సిందే!"

"ఏం రా కంబగిరీ, ఏమంటావు?" అన్నాడు పాలెగాడు.

ఏ పని చేసి బతకాలన్నా కంబగిరికి ఉన్నది ఆ చెయ్యే. దాన్ని ముందుకు చాపి అన్నాడు. "ఈ చెయ్యి పోయేలోపల ఒక్కసారి వాడుకోనీయండి దొరా. ఒక బండి, ఒక మూట, ఒక గంప తెప్పించండి."

మూడింట్లోనూ ఆవాలే పోసి తెచ్చారు, గంపలో మాత్రం రెండే సోలలు. కంబగిరి అందర్నీ కళ్లు మూసుకోమని మూడింట్లోనూ పిడికెడేసి తీశాడు.

"యాడ తీసినానో చూపియ్యండి దొరా."

పాలెగాడు బండి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. కరణం చక్రమెక్కి చూశాడు. ఆనవాలే లేదు. మూటలో చిన్న గుంట కనిపించింది. గంపలో చూస్తే వెదురల్లిక బయటపడింది.

"గంపకు అడుగు కనపడతాంది రా" అన్నాడు పాలెగాడు మెల్లగా.

"వారం వారం ఆ అడుగు చూసేది నేనే దొరా."

పాలెగాడు చాలాసేపు గంపలోకే చూశాడు. తర్వాత తీర్పు చెప్పాడు. "ఇకమీదట బండికి మూడు పిడికిళ్లు, మూటకు పిడికెడు, నెత్తిమీది గంపకు సుంకం లేదు. వీడి చెయ్యి వీడికే ఉండనీయండి. కానీ నన్నడక్కుండా నా సుంకం వదిలినోడు నా కొలువులో వద్దు."

అలా చెయ్యి నిలిచింది, కొలువు ఊడింది. కంబగిరి చివరి జీతంతో మెంతులు కొని, గంప నెత్తిన పెట్టుకుని అదే సంతకొచ్చాడు. సుంకం లేకుండా లోపలికి పోయి కూర్చున్నాడు.

అతను కూర్చోగానే జనం ఎగబడ్డారు. ఎందుకు ఎగబడరు? పిడికెడు కొంటే సోలెడు వచ్చే చెయ్యి! పొద్దెక్కేసరికి గంపలో అడుగు కనిపించింది. అమ్మేకొద్దీ కంబగిరి మునిగిపోతున్నాడు.

అప్పుడు మద్దమ్మ వచ్చింది. పిడికెడు మెంతులు కొని ఒళ్లో పోయించుకుంది. గంపలోకి తొంగి చూసింది. ఒళ్లోంచి చిటికెడు తీసి మళ్లీ గంపలో వేసింది.

"ఇదేందమ్మా?" అన్నాడు కంబగిరి.

"చాలప్పా. నీ గంపా చిన్నదే" అంది మద్దమ్మ.

ఆమె వెనకున్నవాళ్లకు సిగ్గేసి వాళ్లూ తలా చిటికెడు వేశారు. అప్పటికే కొనుక్కుపోయినవాళ్లు కూడా తిరిగొచ్చి వేశారట. కంబగిరి బతికినన్నాళ్లూ ఆ సంతలో మెంతులే అమ్మాడు.

అతను పోయి ఎన్ని తరాలయిందో! ఇప్పుడక్కడ త్రాసులున్నాయి. బండి మీద అమ్మేవాళ్లను మూడుసార్లు కొసరు అడుగుతారు. నేలమీద గంప పెట్టుకున్నవాళ్లను మాత్రం ఎవరూ కొసరు అడగరు. కొన్నదాంట్లోంచే చిటికెడు తీసి గంపలో వేసి పోతారు. ఎవరైనా కొత్తవాళ్లు అదేమిటని అడిగితే, "కంబగిరిది" అంటారు.