బోర్లించిన గ్లాసులు

మీరే చెప్పండి, ఏం చూశారు? ఫోను తెర మీద తొమ్మిది ముఖాలు. ఒక మాట అడిగితే ఒక్క నోరూ తెరుచుకోలేదు. దాన్ని ఒప్పుకోవడం అంటారా? నీలవేణి అన్నది. అనడమే కాదు, మినిట్సు పుస్తకంలో "ఏకగ్రీవం" అని రాసి కింద గీత కూడా గీసింది. నోరు మెదపని మనిషిని తమకు కావలసిన వైపు రాసుకోవడం షావుకార్లకు తెలిసిన విద్య. మనమూ నేర్చేసుకున్నాం.

జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళ సహకార సంఘానికి నీలవేణి కొత్త కార్యదర్శి. నాలుగు ఊళ్ళలో నాలుగు షెడ్లు. మీటింగంటే ప్రతినిధులందరూ బస్సుల కోసం కాచుకుని, సగం రోజు పని పోగొట్టుకుని ఒకచోటికి రావాలి. అందుకని ఈసారి ఫోనులోనే పెట్టింది. సరుకు తొందరగా కావాలని వ్యాపారి ఒత్తిడి చేస్తున్నాడు. ప్రతి ఊళ్ళోనూ ఇప్పటిదాకా బయట ఉన్న పిక్కలు వేయించే డ్రమ్మును ఆడవాళ్ళు కూర్చుని కొట్టే షెడ్డులోకే మార్చాలన్నది విషయం. "ఎవరికైనా అభ్యంతరమా?" అని మూడుసార్లు అడిగింది. ఎవరూ పలకలేదు.

మర్నాడు పొద్దున నాలుగు షెడ్లలోనూ ఆడవాళ్ళు లోపలికి పోకుండా గేటు బయట కూర్చున్నారు. నీలవేణి ఫోను చేసి అడిగితే, "నిన్ననే సెప్పినాం కదా, వద్దని" అన్నారు.

ఒళ్ళు మండి నీలవేణి కూర్మమ్మ ఇంటికి వెళ్ళింది. షావుకారి మీద సమ్మె చేసి ఈ సంఘాన్ని నిలబెట్టిన మనిషి కూర్మమ్మ. నీలవేణికి పిక్క కొట్టడం నేర్పిందీ, సంఘం నడపడం నేర్పిందీ ఆవిడే. వేయించే పొగకు ఆవిడ ఎడమ కన్ను పోయింది. ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పదు. ముందు టీ పెడుతుంది.

"చెప్పారట అత్తా! ఒక్కరు నోరు మెదిపితే ఒట్టు. నిన్న బొమ్మల్లా కూర్చుని, ఇవాళ నన్ను అబద్ధాలకోరును చేస్తున్నారు. సోమవారం డ్రమ్ము షెడ్డులోకి మారాల్సిందే. అసలు ఏ మీటింగు ఫోనులో పెట్టాలి, దేనికి అందర్నీ పిలవాలి? నువ్వే చెప్పు. ప్రతిదానికీ బస్సులెక్కించనా?"

కూర్మమ్మ రెండు గ్లాసుల్లో టీ పోసింది. "నీ టీ తీసుకుని వసారాలోకి పో పిల్లా. అక్కణ్ణుంచి ఫోను సెయ్యి, ముకం కనబడేటట్టు. నిన్న ఆళ్ళనడిగిన మాటే నన్నడుగు."

"గోడకి అటూ ఇటూ కూర్చుని వీడియో కాలా?"

"సంఘం పెద్దవి కదా, నీకు దూరమేటి, దగ్గిరేటి?"

నీలవేణి మూతి ముడుచుకుని వసారాలో కూర్చుని ఫోను చేసింది. తెర నిండా ముడతలు పడిన ముఖం. "అత్తా, డ్రమ్ము షెడ్డులో పెట్టొచ్చా? అభ్యంతరమా?"

ఆ ముఖం కదలలేదు. ఉన్న ఒక్క కన్నూ సూటిగా చూస్తూనే ఉంది. కాసేపటికి గొంతు వచ్చింది. "ఏటి సూసినావు?"

"నిన్నే చూశాను. ఏమీ అనలేదు. ఒప్పుకున్నట్టేగా?"

"లోపలికి రా."

నీలవేణి గడప దాటేసరికి కాలికి వేడిగా తగిలింది. కూర్మమ్మ ముందు గ్లాసు బోర్లించి ఉంది. టీ సిమెంటు నేల మీద పారుకుంటూ గడప దాకా వచ్చింది.

నీలవేణికి అప్పుడు గుర్తొచ్చింది. షావుకారు ముందు వద్దని నోరు తెరిచిన మనిషికి మర్నాడు పని ఉండేది కాదు. అందుకని వద్దనుకున్నవాళ్ళు తమకిచ్చిన టీ గ్లాసు బోర్లించేవారు. మాటే అనని మనిషిని ఏమని తీసేస్తాడు? షావుకారు పోయినా ఆ అలవాటు సంఘంలో ఉండిపోయింది. నీలవేణి తల్లి ఎన్ని గ్లాసులు బోర్లించిందో! నిన్న కూడా నాలుగు షెడ్లలో ఆడవాళ్ళు, ఫోను అన్నీ చూస్తుందనుకుని, దాని ముందే బోర్లించారు. ఫోను ముఖాలు మాత్రమే చూపించింది.

"అయితే ఫోను మీటింగులే వద్దా అత్తా?" ఆ గొంతులో ఇందాకటి వేడి లేదు.

"ఎందుకొద్దు? లారీ ఎప్పుడొస్తాదో, సెలవు ఏ రోజో సెప్పడానికి ఆడోళ్ళని బస్సెక్కిస్తే నేనే తిడతాను. అంతేగానీ, పొగ ఎవల కంట్లోకి పోతాదో వాళ్ళని అడిగినప్పుడు..." కూర్మమ్మ మాట ఆపి, గుడ్డ తీసుకుని నేల తుడిచింది. ఖాళీ గ్లాసు ఎత్తి నీలవేణి చేతిలో పెట్టింది.

"నిన్నటి గ్లాసులు ఎవలో ఒకలు ఎత్తి కడిగే ఉంటారు. కడిగిన మనిషికి తెలిసిపోనాది. పుస్తకం రాసిన మనిషికి ఎందుకు తెలవలేదు?"