తిరుపతమ్మ బుట్టచేతుల రవిక

అనగనగనగా, రైలు పోతుంటే అటకమీద గిన్నెలు గలగలలాడే ఒక ఊళ్ళో ఈశ్వరమ్మ అని ఒకావిడ ఉండేది. కుట్టుమిషను తొక్కుకునేది. ఊ కొడుతున్నావా? కొట్టు మరి.

ఈశ్వరమ్మ మొగుడు సన్యాసినాయుడు. ఆయనకి బెల్లం వ్యాపారం. ఈశ్వరమ్మ ఆయనకి రెండో పెళ్ళాం. మొదటావిడ తిరుపతమ్మ. పాపం, పిల్ల ఇంకా పాకుతుండగానే ఏదో మాయదారి జ్వరం వచ్చి కన్నుమూసింది. ఆ పిల్ల పేరు వరహాలు.

వరహాలుని ఈశ్వరమ్మే పెంచింది. తల దువ్వింది, బడికి పంపింది, పండక్కి గౌన్లు కుట్టింది. వరహాలు ఆవిడని పిన్నీ అని పిలిచేది. ఇద్దరికీ మాటా మాటా వచ్చింది లేదు. కానీ ఆ ఇంట్లో తిరుపతమ్మ పేరు ఎవరూ ఎత్తేవారు కాదు. ఎత్తితే ఈశ్వరమ్మ నొచ్చుకుంటుందని వాళ్ళు. అడిగితే వాళ్ళు నొచ్చుకుంటారని ఈశ్వరమ్మ. అలా ఏళ్ళు గడిచిపోయాయి.

ఆ తర్వాత వరహాలుకి పెళ్ళి కుదిరింది. అప్పుడు ఆ పిల్ల ఏం చేసిందంటే, గోడమీదున్న అమ్మ ఫోటో దించి, కొంగుతో తుడిచి, పిన్ని దగ్గరకి తెచ్చింది.

"పిన్నీ, పెళ్ళికి నాకు ఇలాంటి రవిక కుట్టిపెడతావా? అచ్చం ఇలాంటిదే కావాలి."

ఈశ్వరమ్మ ఫోటో చేతిలోకి తీసుకుంది. పాతకాలం రవిక. భుజాల దగ్గర బుట్టల్లా ఉబ్బిన చేతులు, మోచేతికి పైన బిగించిన పట్టీ, ఆ పట్టీ అంచుకి సన్న కుచ్చు. కోత ఆవిడకి చూడగానే అర్థమైపోయింది.

"కుడతాను. ఏ రంగే ఇది?"

వరహాలుకి తెలీదు. ఫోటో నలుపూ తెలుపూనాయె.

ఈశ్వరమ్మ మొగుణ్ణి అడిగింది. ఆయన ఫోటో వంక చూడకుండానే, "పచ్చ. చిలకపచ్చ" అని చెప్పి కండువా వేసుకుని వెళ్ళిపోయాడు.

అప్పుడు ఈశ్వరమ్మ బజారుకెళ్ళి చిలకపచ్చ శాటిన్ గుడ్డ తెచ్చింది. నున్నగా ఉంది, మెరుస్తోంది. కానీ చెయ్యి కత్తిరించి కుచ్చెళ్ళు పెట్టేసరికి, బుట్ట నిలబడితేనా! తడిసిన కోడిరెక్కలా వాలిపోయింది. సరే, గుడ్డ మార్చవచ్చులే అనుకుంటోంది. ఇంతలో వరహాలు పెద్దమ్మ వచ్చింది. ఆవిడ పేరు గౌరమ్మ, తిరుపతమ్మకి తోడబుట్టిన అక్క. పసుపు కొట్టడానికని పొరుగూరి నుంచి వచ్చింది.

"ఇదేంటి, పచ్చా? మా చెల్లి రవిక ఎరుపు. కుంకం ఎరుపు. దాని పేరు చెప్పి ఈ పిల్లకి పచ్చది తొడిగితే నేను పందిట్లో అడుగు పెట్టను."

కన్నతల్లి వైపు నుంచి వరహాలుకి ఉన్నది ఆ ఒక్క పెద్దమ్మే. పిల్ల ముఖం చిన్నబోయింది.

అప్పుడు ఈశ్వరమ్మ మళ్ళీ బజారుకెళ్ళింది. ఈసారి గట్టి ఎర్రపట్టు తెచ్చింది. బుట్ట బ్రహ్మాండంగా నిలబడింది. నిలబడింది కానీ, బొమ్మకి తొడిగినట్టు బిర్రుగా ఉంది. మెలిపెట్టినా మడత పడదు. ఫోటోలో చేతికేమో, పట్టీ దగ్గర మెత్తమెత్తగా ముడతలున్నాయి. సన్యాసినాయుడు అన్నానికొచ్చి, మిషను మీద ఎర్రగుడ్డ చూశాడు. సగం తిని చెయ్యి కడిగేసుకున్నాడు.

ఆ తర్వాత పక్కింటి మహలక్ష్మి వచ్చింది. పండుముసలావిడ, ఆ ఇంటి సంగతులన్నీ తెలిసిన మనిషి. పచ్చగుడ్డా చూసింది, ఎర్రగుడ్డా చూసింది, పెదవి విరిచింది.

"రెండూ కాదే అమ్మాయ్. రాగిచెంబు రంగు. చింతపండుతో తోమిన రాగిచెంబుంటుందే, ఆ రంగు. నా కళ్ళారా చూశాను."

ఈశ్వరమ్మ ఓపికమంతురాలు. మూడోసారీ వెళ్ళింది. రాగిరంగు నూలు గుడ్డ తెచ్చింది. నూలు మెత్తగా మాట విన్నది, ముడతా పడింది. కానీ మెరుపు లేదు. వరహాలు భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకుంది. "బాగానే ఉంది పిన్నీ" అంది, ముఖం మాత్రం బాగాలేదు. అంతవరకూ ఎడమొహం పెడమొహంగా ఉన్న నాన్నా పెద్దమ్మా ఈ ఒక్క విషయంలో ఏకమైపోయారు. "ఇది మాత్రం కాదు" అన్నారు.

గౌరమ్మ పసుపు చేతులు దులుపుకుంటూ, "పోనీలే ఈశ్వరమ్మా. నీకెలా తెలుస్తుంది? నువ్వు చూసిన మనిషి కాదుగా అది" అంది.

గౌరమ్మ ఎత్తిపొడవాలని అనలేదు. ఉన్నమాటే అంది. ఈశ్వరమ్మకి మాత్రం ఎక్కడో చురుక్కుమంది. నిజమే, తను చూడలేదు. తిరుపతమ్మ వంటింట్లో వండింది, ఆవిడ పిల్లని పెంచింది, ఆవిడ ఎలా నవ్వేదో తెలీదు. ఎవరినీ అడగనూ లేదు.

అప్పుడు ఈశ్వరమ్మ మిషను మీద గుడ్డ కప్పేసి లేచింది. వెళ్ళి ముగ్గురినీ అడిగింది. ఈసారి ఏ రంగని అడగలేదు. ఎక్కడ చూశారు, అప్పుడావిడ ఏం చేస్తోంది అని అడిగింది.

మొగుడు కండువా తీసి పక్కన పెట్టాడు. ఆ తర్వాత మెల్లిగా మొదలుపెట్టాడు. "కాపరానికి వచ్చిన మర్నాడు. డాబా మీద మిరపకాయలు ఎండబోస్తోంది. మిట్టమధ్యాహ్నం. ఒక కాకి వచ్చి వాలింది. మనిషిని తిట్టినట్టు తిట్టింది దాన్ని, మీ అమ్మతో చెప్తానుండు అని. నాకు నవ్వాగలేదు." ఆ మాట చెప్తూ ఆయన మళ్ళీ నవ్వాడు. అలాంటి నవ్వు ఈశ్వరమ్మ ఎప్పుడూ చూడలేదు. ఆవిడకి కాస్త కష్టంగానే ఉంది. అయినా కూర్చుని విన్నది.

ఆ తర్వాత గౌరమ్మ చెప్పింది. "అత్తారింటికి పంపే సాయంత్రం తొడిగాం ఆ రవిక, కొత్తది. మళ్ళీ దాన్ని ఆ రవికలో నేను చూడనేలేదు. లోపలి గదిలో దీపం దగ్గర కూర్చుంది. నా ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చింది. ఆ చేతి కుచ్చుతోనే కళ్ళు తుడుచుకుంది." అని తనూ కళ్ళు తుడుచుకుంది.

మహలక్ష్మి అయితే, "మా గుమ్మంలో నిలబడింది. చంకలో పసిగుడ్డు. కాస్త మజ్జిగుంటే పొయ్యమ్మా అంది. సగం ఎండలో సగం నీడలో ఉంది మనిషి" అని చెప్పింది.

ఎండ, దీపం, గుమ్మం. ఈశ్వరమ్మ ఆ మూడింటినీ తలుచుకుంటూ కూర్చుంది. కూర్చుని కూర్చుని, అప్పుడు ఫక్కున నవ్వింది. ముగ్గురూ నిజమే చెప్పారు!

వెంటనే చెప్పులేసుకుని నేతగాళ్ళ వీధికి నడిచింది. మొదటి ఇంట్లో అడిగింది, లేదన్నారు. రెండో ఇంట్లో అడిగింది, ఇప్పుడెవరు కడతారమ్మా అన్నారు. మూడో ఇంట్లో ముసలి నేతగాడు మాట్లాడకుండా లోపలికెళ్ళి, మగ్గం మీద నుంచి కోసిన ఒక పట్టుముక్క తెచ్చాడు. నిలువు దారం ఎరుపు, అడ్డం దారం పచ్చ. ఈశ్వరమ్మ దాన్ని ఇంటి లోపల పరిచి చూసింది, ఎర్రగా ఉంది. గడపలోకి తెచ్చింది, రాగిలా అయింది. వీధిలోకి తెచ్చి ఎండలో ఆడించింది. చిలకపచ్చ!

పలచని పట్టు కదా, బుట్ట వాలిపోతుంది. అందుకని లోపల గంజిపెట్టిన మల్లుగుడ్డ వేసింది. అప్పుడు బుట్టా నిలబడింది, ముడతా పడింది. కుచ్చు మాత్రం మిషను మీద కాకుండా చేత్తోనే కుట్టింది.

పెళ్ళినాడు పొద్దున్న వరహాలు ఆ రవిక తొడుక్కుంది. లోపలి గదిలో దీపం దగ్గర గౌరమ్మ చూసి, "అదిగో, ఎరుపే!" అని మెటికలు విరిచింది. పిల్ల గుమ్మంలోకి వచ్చింది. మహలక్ష్మి, "చెప్పలేదూ, రాగిచెంబు!" అంది. పిల్ల వాకిట్లో ఎండలోకి దిగింది. సన్యాసినాయుడు చూశాడు. కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. గౌరమ్మ పిల్ల వెనకాలే వాకిట్లోకి వచ్చి, ఆ పచ్చని చూసి నిలబడిపోయింది. మా చెల్లికి ఈ రంగు కూడా ఉందా అనుకుందో ఏమో.

అప్పుడు వరహాలు పిన్ని వైపు తిరిగింది. "పిన్నీ, నీకే రంగు కనిపిస్తోంది?"

ఈశ్వరమ్మ రంగు చూడటం లేదు. "ఇలా రా. చంక కింద కుట్టు లాగుతోంది, పందిట్లో పటుక్కుమంటుంది" అంది. పిల్ల చెయ్యెత్తి నిలబడింది. ఆవిడ సూదితో రెండు కుట్లు వదులు చేసి, దారం పంటితో కొరికి, "ఆఁ, ఇప్పుడు పో" అంది.

పెళ్ళయింది. పిల్ల అత్తారింటికెళ్ళింది. ఆ తర్వాత ఆ ఇంట్లో తిరుపతమ్మ పేరు మామూలుగానే వినపడేది. పప్పులో ఉప్పెక్కువైనా, వానకి బట్టలు తడిసినా, "తిరుపతమ్మ అయితే ఏం చేసేదో" అనేవారు. ముందుగా అనేది ఈశ్వరమ్మే.

కథేమో కంచికి,
కత్తెరేమో పెట్టెకి,
కునుకేమో కంటికి,
మనమేమో ఇంటికి.