గరుడుడి తొలిచూపు

జయకేతు మహారాజు కొత్త గరుడవాహనం మీద స్వామికి బదులు తన బంగారు ప్రతిమను ఊరేగించమన్నాడు. కాదన్న పూజారిని చెరలో వేయించాడు.

వాహనం చెక్కిన ముసలి పోతోజు మాత్రం ఎదురు చెప్పలేదు. ప్రతిమను గరుడుడి భుజాల మీద కూర్చోబెట్టి, ఉలి చేతబట్టుకున్నాడు.

“గరుడుడి కళ్ళు తెరిపించడమొక్కటే మిగిలింది ప్రభూ. తొలిచూపు తన స్వామి మీదే పడాలన్నది మా ఆచారం. తమరు వచ్చి ఎదురుగా నిలబడాలి.”

రాజు ఆ వంపు ముక్కును చూశాడు. గోళ్ళ మధ్య నలుగుతున్న పామును చూశాడు.

“నన్ను స్వామి అనుకోకపోతే?”

“నాకూ అదే భయం ప్రభూ. అందుకే ఇంకా ఉలి ఆనించలేదు.”

రాజు ఒక అడుగు వెనక్కి వేశాడు. “ప్రతిమ దించండి. పూజారిని విడిచిపెట్టండి.”

ఆ సాయంత్రం గరుడుడి మీద స్వామి ఊరేగాడు. వాహనాన్ని మోసే బొంగు ఒక కొస రాజు భుజం మీద ఉంది.