అవ్వ ఒడ్డు దాటిందా?

అనగా అనగా, ఆకాశం కూడా గొంగడి కప్పుకుని పడుకునే కాలం. ఊఁ కొట్టేవాళ్లు ముందుకు జరగండి. కునికేవాళ్లు వెనక్కి పోయి పడుకోండి. ఈ కథ సగం వినేవాళ్లది కాదు. ఎందుకు కాదో చివరికి మీకే తెలుస్తుంది.

మబ్బుగుట్ట అని ఒక ఊరు. గుట్ట నిండా నల్లగొర్రెలు. దూరం నుంచి చూస్తే గుట్ట మీద మబ్బు దిగినట్టే ఉండేది. అందుకే ఆ పేరు. ఆ ఊళ్లో ఆడవాళ్లు ఉన్ని వడికేవాళ్లు, మగవాళ్లు గొంగళ్లు నేసేవాళ్లు. గొంగడి అంటే వాళ్లకు ఎండకు నీడ, వానకు గూడు, చలికి పొయ్యి. పుట్టిన బిడ్డను చుట్టేది అందులోనే. పెళ్లినాడు పరిచేది అదే.

ఆ ఊళ్లో ఓదెమ్మ అని ఒక మనిషి ఉండేది. పొలం లేదు, పుట్ర లేదు. మూడు తల్లిగొర్రెలు, మొగుడు ఐలయ్య, ఒక మగ్గం. అక్షరం ముక్క రాదు. కానీ చేతిలో ఎప్పుడూ కదురు తిరిగేది, చెవిలో ఎప్పుడూ కథ తిరిగేది. గాజులవాడు వచ్చినా, జంగమయ్య వచ్చినా, తప్పిపోయిన బర్రెను వెతుక్కుంటూ వచ్చినవాడైనా సరే, అంబలి పోసి అడిగేది.

"కథ ఏమన్న ఉన్నదా నాయినా?"

ఏ కథైనా వినేది. కానీ అన్నీ దాచుకునేది కాదు. "విన్నంక నడుము నిటారుగా నిలబడాలె. నిలబడకపోతే అది కథ ఎట్లయితది?" అనేది. మన గుట్టలో, మన వాగు పక్క, మనలాంటి చిన్న మనిషి తల వంచకుండా నిలబడ్డ కథలు మాత్రం గుండెలో దాచుకునేది. దాచుకున్నవి సంతలో విప్పేది.

సంతలో ఆమె అమ్మే తీరు వేరు. కొనేవాడు గొంగడి ఎంచుకోవాలి. నలుగురు నాలుగు చెంగులు పట్టుకోవాలి. ఓదెమ్మ నడిమధ్యన కడవెడు నీళ్లు పోసేది. పోసి కథ మొదలుపెట్టేది. కథ అయ్యేదాకా నీళ్లు నిలవాలి. నిలిస్తే అమ్మకం. కింద ఒక్క బొట్టు పడినా అమ్మకం లేదు. కాళ్లు పట్టుకున్నా ఇచ్చేది కాదు.

ఎదురుగా రంగురంగుల శాలువాలు అమ్మే వర్తకుడు ఒకడు ఉండేవాడు. దూరదేశపు సరుకు, దూరదేశపు గొప్పలు.

"ఏమమ్మా, ఎప్పుడూ ఆ గొర్లకాపరి సాయిలు కథేనా? మా దేశంలో వెయ్యి ఏనుగుల రాజు ఉండేవాడు. ఆ కథ చెప్పు, నీ నల్ల గొంగళ్లు కూడా తెల్లబడతాయి."

"మీ రాజు గొప్పోడే నాయినా. కాదన్ననా? మా సాయిలు మాత్రం మా వాగు దాటిండు. నడువు, ఆ వాగు నీకు చూపిస్త. నువ్వు ఆ వెయ్యి ఏనుగులల్ల ఒక్కటి చూపియ్యి."

సంతంతా నవ్వేది. వర్తకుడు కూడా నవ్వి శాలువాలు సర్దుకునేవాడు.

ఇలా ఉండగా ఒక కరువు వచ్చింది. మొదటి ఏడు వాన తగ్గింది. రెండో ఏడు వాన తప్పింది. మూడో ఏడు వాన మొహమే చూపలేదు. గుట్ట మీద గడ్డి మాడింది. గొర్రెల డొక్కలు లోపలికి పోయాయి. కడుపు నిండని గొర్రెకు ఉన్ని ఎక్కడ వస్తుంది?

అప్పుడు కోట సర్దారు కబురు పంపాడు. "కోటగోడ మీద నూరుమంది కాపలావాళ్లు ఉన్నారు. వాన ఎప్పుడొచ్చినా వాళ్లు గోడ దిగకూడదు. నూరు గొంగళ్లు కావాలి. వచ్చే సంతకు నేనే వచ్చి చూస్తాను. నచ్చితే కోట బీడులో మీ మందలు మేపుకోండి."

కోట బీడు అంటే ఏమిటనుకున్నారు? చుట్టుపక్కల పచ్చగా మిగిలింది అదొక్కటే. గొంగళ్లు నచ్చితే మంద బతుకుతుంది. నచ్చకపోతే తల్లిగొర్రెలు కటికవాడి పాలు. తల్లిగొర్రె పోతే పిల్ల లేదు, పిల్ల లేకపోతే ఉన్ని లేదు, ఉన్ని లేకపోతే మబ్బుగుట్ట లేదు.

ఊరంతా కూర్చుంది. ఆడవాళ్లు కళ్లు వాచేదాకా వడికారు. మగవాళ్లు చేతులు బొబ్బలెక్కేదాకా నేశారు. ఎనభై ఏడు గొంగళ్లు అయ్యేసరికి ఉన్ని అయిపోయింది.

మిగిలిన పదమూడూ ఐలయ్య మగ్గం మీద పడ్డాయి. ఐలయ్య చెడ్డవాడు కాదు. భయపడ్డవాడు. అడుగూబొడుగూ ఊడ్చిన ఉన్నిలో మేకవెంట్రుక కలిపాడు. పైన చింతగింజల గంజి దిట్టంగా పట్టించాడు. చూపుకు తేడా లేదు. పెళ్లానికి చెప్పలేదు. మంచివాడు ఒక్కసారి దాచితే చాలు, చెడ్డవాడు నూరుసార్లు చేసినంత పని అవుతుంది.

సంతనాడు సర్దారు వచ్చాడు. గుర్రం దిగాడు. గొంగళ్ల కుప్ప చుట్టూ తిరిగాడు. పైది తీయలేదు, నడిమిది తీయలేదు, అడుగుది లాగాడు.

"నీ పరీక్ష గురించి విన్నానమ్మా. నీళ్లు పొయ్యి."

నలుగురు చెంగులు పట్టుకున్నారు. ఒక చెంగు ఐలయ్య చేతిలో, ఒక చెంగు కులపెద్ద కొండయ్య చేతిలో. ఓదెమ్మ నీళ్లు పోసింది. సాయిలు కథ ఎత్తుకుంది.

"మా వాగు పొంగింది దొరా. అవతలి ఒడ్డున ముగ్గురు మనుషులు చిక్కిర్రు. వాగు ఏమో అరుస్తున్నది. ఊరేమో చూస్తున్నది. సాయిలు నడుముకు గొంగడి కట్టిండు, వాగుల దిగిండు. మొదలు పసిబిడ్డ తల్లి. గొంగడి కొస అందిచ్చిండు, ఒడ్డు చేర్చిండు."

నీళ్లు నిలిచే ఉన్నాయి. సర్దారు తల ఊపాడు.

"మళ్ల నడుముకు గొంగడి కట్టిండు, వాగుల దిగిండు. రెండోది ఊరి పటేలు. సాయిలును ఎన్నడో చెర్నాకోలతోని కొట్టిన పటేలే. సాయిలు దెబ్బ యాది చేసుకోలే. గొంగడి కొస అందిచ్చిండు, ఒడ్డు చేర్చిండు."

అప్పుడు చూసింది ఓదెమ్మ. గొంగడి అడుగున చెమట పట్టినట్టు తడి. తడి కూడి ఒక చుక్క అయింది. చుక్క ఇంకా రాలలేదు. ఆవగింజంత ఉంది. మిరియపు గింజంత అయింది.

ఐలయ్య ముఖం చూసింది. మొగుడి ముఖం చదవడానికి అక్షరాలు రానక్కర్లేదు. అంతా అర్థమైంది.

కొండయ్య కూడా చుక్కను చూశాడు. పళ్ల సందున గొణిగాడు. "బిడ్డా, ఆపెయ్యి. ఇద్దరు దాటిర్రు. చాలు."

నిజమే. సర్దారుకు సాయిలు కథ తెలియదు. ముగ్గురని మొదట్లో అన్న మాట గుర్తు చేసుకుంటే కదా? తెలిసినవాళ్లంతా మబ్బుగుట్టవాళ్లు. ఎవడూ నోరు విప్పడు. ఎదుటి వర్తకుడు కూడా కరువు చూసి నోరు మూసుకున్నవాడే. "గట్ల సాయిలు పేరు నిలిచింది" అని ఒక్క మాట అంటే అయిపోతుంది. నీళ్లు ఒంపేస్తారు. మంద బతుకుతుంది.

ఓదెమ్మ నోరు తెరిచింది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆమె కంటికి సంత కనబడలేదు. వాగు కనబడింది. అవతలి ఒడ్డున ఒక గుడ్డి ముసలవ్వ కనబడింది. ఆ అవ్వను రమ్మని ఎవరూ పిలవలేదు. ఆమె కోసం ఎవరూ ఏడవలేదు. నీళ్లు పాదాల దాకా వచ్చినా, ఎవరో వస్తారని చెవి ఒగ్గి నిలబడి ఉంది. చిన్ననాటి నుంచి ఎన్ని వందలసార్లు దాటించింది ఓదెమ్మ ఆ అవ్వను! ఇవాళ వదిలిపెట్టి ఇంటికి ఎలా పోతుంది?

"అవ్వ ఇంక అవతల్నే ఉన్నది పెద్దయ్యా" అంది కొండయ్యతో. తర్వాత గొంతెత్తి చెప్పింది.

"మూడోసారి సాయిలు నడుముకు గొంగడి కట్టిండు, వాగుల దిగిండు. ఊరోళ్లు అన్నరు, ఎందుకురా, ముసల్ది ఇయ్యాలనో రేపో పోయేదే. సాయిలు అన్నడు, ఒడ్డు మీద మనిషి ఉన్నంతసేపు వాగు దాటుడు అయిపోనట్టే. గొంగడి కొస..."

టప్.

చుక్క సర్దారు చెప్పు మీద పడింది. రెండోది దుమ్ములో పడింది. మూడోది పడేటప్పటికి సంతంతా చూస్తోంది.

ఓదెమ్మ ఆగలేదు. "...గొంగడి కొస అందిచ్చిండు. అవ్వను ఒడ్డు చేర్చిండు." కథ పూర్తి చేసి, అప్పుడు చేతులు జోడించింది. "దొరా, గిది కారింది. దీన్ని నేను అమ్మను. మేకవెంట్రుక కలిసింది. కడమవి ఒక్కొక్కటి నీళ్లు పోసి చూడు."

"నూరు కథలు వినే తీరిక నాకెక్కడిది?" అన్నాడు సర్దారు. చెప్పు దులుపుకున్నాడు. ఎదురుగా ఉన్న శాలువాలన్నీ కట్టించుకుని పోయాడు.

దారి పొడుగునా ఊరు ఓదెమ్మను తిట్టింది. కొండయ్య అయితే సామెత తీశాడు. "గొంగట్ల కూసోని తినుకుంట ఎంటికెలు ఏరుతవా నువ్వు?"

"గొర్రెవైతే ఏరేదాన్ని కాదు పెద్దయ్యా. మేకవి ఏరిన."

ఇంటికి పోయాక ఐలయ్య గోడకు మొహం పెట్టి ఏడ్చాడు. "నన్ను నలుగుర్ల నిలబెట్టినవ్ ఓదీ."

"నువ్వు నిలబడలే మామా. అందుకే నేను నిలబడ్డ" అంది. అతని చేతే ఆ పదమూడు గొంగళ్లూ కోయించి, గొర్రెపిల్లల కింద పరిపించింది.

నిజం చెబితే వెంటనే మేలు జరుగుతుందని నేను చెప్పను. అలా చెప్పేవాడు అబద్ధమాడుతున్నాడు. మందలో సగం తల్లిగొర్రెలు కటికవాడి వెంట పోయాయి. అందరికన్నా ముందు ఓదెమ్మ తన మూడింటినీ తోలింది. మెడతాళ్లు మాత్రం ఇవ్వలేదు. ఇంటి దూలానికి చుట్టి పెట్టింది.

తర్వాత వాన వచ్చింది. మూడేళ్లు దాచుకున్న వాన. మూడు పగళ్లు, మూడు రాత్రులు ఆగకుండా కొట్టింది. కోటగోడ మీద శాలువాలు నీళ్లు తాగి రాళ్లంత బరువెక్కాయి. రంగులు కారి కాపలావాళ్ల ఒళ్లు ఎర్రబడ్డాయి, పచ్చబడ్డాయి. ఒకడికి చలిజ్వరం, పదిమందికి చలిజ్వరం, గోడ సగం ఖాళీ.

నాలుగో రోజు సర్దారు వానలోనే మబ్బుగుట్టకు వచ్చాడు. ఎద్దుబండిలో కాదు, పల్లకిలో కాదు. బురదలో నడిచి వచ్చాడు.

"కారిన గొంగడి చూపిన అమ్మ ఇల్లు ఏది?"

చూపించారు. ఓదెమ్మ వడుకుతూనే ఉంది.

"అమ్మా, నువ్వు రెండో మనిషి దగ్గర ఆపితే నాకు తెలిసేది కాదట. ఆ శాలువాల వర్తకుడే చెప్పాడు. తన బట్టలో చిల్లి తానే చూపిన మనిషి దగ్గర కళ్లు మూసుకుని కొనొచ్చు. ఆ గొంగళ్లు ఇవ్వు. బీడు మీదే."

"ఎనభై ఏడే ఉన్నయి దొరా. కడమ పదమూడింటికి ఉన్ని కత్తిరించేదాక ఆగాలె."

"ఆగుతాను."

"నీళ్లు పోసి చూసుకో మరి."

"వద్దమ్మా. నమ్మాను."

"నువ్వు నమ్మితె చాలదు. గొంగడి నిలవాలె" అని, ఆ రోజు ఎనభై ఏడింటికీ నీళ్లు పోయించింది. సర్దారు కూర్చుని ఎనభై ఏడు కథలూ విన్నాడు. ఒక్క బొట్టు రాలలేదు. రెండో ఏటికి మంద మళ్లీ గుట్ట నిండింది. దూలానికి చుట్టిన మూడు తాళ్లూ మూడు కొత్త మెడలకు ఎక్కాయి.

ఓదెమ్మ ముసలిదైంది. కదురు పట్టే చేయి పడిపోయింది. చెవి మాత్రం పనిచేసేది. చివరి రోజున ఐలయ్య పక్కన కూర్చుని సాయిలు కథ ఎత్తుకున్నాడు. మొదలు పసిబిడ్డ తల్లి దాటింది. రెండో మనిషి పటేలు దాటాడు. అక్కడ ఐలయ్య ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. ఓదెమ్మ ఊపిరి ఆగిందనుకుని ఊరు ఏడవబోయింది.

ఓదెమ్మ కళ్లు తెరిచింది. "అవ్వ?" అంది.

ఒకనాడు మేకవెంట్రుక కలిపిన చేత్తోనే ఐలయ్య ఆమె చేయి పట్టుకున్నాడు. కథ మళ్లీ ఎత్తుకున్నాడు. "మూడోసారి సాయిలు నడుముకు గొంగడి కట్టిండు, వాగుల దిగిండు. గొంగడి కొస అందిచ్చిండు. అవ్వను ఒడ్డు చేర్చిండు."

అప్పుడు కళ్లు మూసింది.

ఆమెకు గుడి లేదు, గద్దె లేదు. కానీ ఇప్పటికీ ఆ గుట్ట దిక్కున గొంగడి అమ్మితే నీళ్లు పోసి కథ చెబుతారు. ఏ పనైనా సరే, గోడ కట్టినా, బావి తవ్వినా, మగ్గం మీంచి గొంగడి దించినా, పనివాడు చేతులు కడుక్కోబోతే ఇంటి పెద్దావిడ ఒక్క మాట అడుగుతుంది.

"అవ్వ ఒడ్డు దాటిందా?"

దాటితే "దాటింది" అంటాడు. దాటకపోతే, కడుక్కోబోయిన చేతులతోనే మళ్లీ పనిలోకి దిగుతాడు.

మీరు కూడా ఎవరి కథైనా మధ్యలో ఆపబోతే, ఎదుట కూర్చున్నవాళ్లు అడుగుతారు. జవాబు సిద్ధంగా పెట్టుకోండి. నన్ను అడిగితే నేను చెప్పగలను. నా అవ్వ దాటింది.