ఇరవై ఏడు నక్షత్రాలు, పదిహేనుమంది పిల్లలు

ఎక్కడో ఒక రాజ్యం ఉండేదిలెండి. దాన్ని ప్రచండభూపతి ఏలేవాడు. ఆయన బిరుదులన్నీ చదివేసరికి భటుడి గొంతు ఆరిపోయేది. అంతటి రాజుకు ఒక పంతులంటే కడుపుమంట.

కారణం కూతురు సూరాంబిక. పూర్వం ఆ పిల్ల భోజనాల వేళ నాన్న పక్కనే కూర్చుని, ఆయన చెప్పే యుద్ధాల కథలు నోరు తెరుచుకుని వినేది. ఆస్థానంలో చమత్కారిగా పేరుపడ్డ పేరిభొట్లు ఆ పిల్ల చదివే రాచబడిలో లెక్కలు చెప్పడం మొదలుపెట్టాక అంతా మారిపోయింది. ఆయన పిల్లలచేత గవ్వలు విసిరించి, ఎన్ని వెల్లకిలా పడొచ్చో ముందే ఊహించమనేవాడు. సూరాంబికకు పళ్లెం ముందు కూడా ఆ గవ్వల ధ్యాసే. కథ యుద్ధం మధ్యలో ఉండగానే చెయ్యి కడుక్కుని పోయేది. రాజుకు ముద్ద దిగేది కాదు. "నేను కోటలు పట్టాను, వీడు పట్టింది గుప్పెడు గవ్వలు" అని లోలోపల ఉడికిపోయేవాడు.

బడి మూయించాలంటే సాకు కావాలి కదా. ఒకనాడు నిండు సభలో పేరిభొట్లును నిలదీశాడు. జరగబోయేది చెప్పలేని చదువు ఒక చదువేనా అన్నాడు. ఏది జరుగుతుందో చెప్పలేను గానీ, జరిగే వీలు ఎంతో చెప్పగలనన్నాడు పేరిభొట్లు. నగరంలో ఏ పదిహేనుమంది పిల్లల్నైనా పిలిపించమన్నాడు. వాళ్లలో కనీసం ఇద్దరిది ఒకే జన్మనక్షత్రం అయ్యుంటుంది, నూటికి తొంభైతొమ్మిది పాళ్లు అన్నాడు.

రాజు మీసం దువ్వాడు. నక్షత్రాలు ఇరవై ఏడాయె. పిల్లలకు తలా ఒకటి పంచినా ఇంకా పన్నెండు మిగులుతాయి.

"ఆ ఒక్క పాలూ మాదే. మేము రాజులం. నీ మాట తప్పితే బడికి తాళం, నీకు దేశబహిష్కారం."

ఎవరినీ నమ్మక తానే వెళ్లి, వీధికొకరు చొప్పున, చుట్టరికం లేని పిల్లల్ని ఏరి తెచ్చాడు. అసూయ మనిషిచేత ఎంత చాకిరీ చేయిస్తుందో చూడండి.

పిల్లలు వరసగా చెప్పారు. అశ్విని, మఖ, స్వాతి, పుబ్బ, మూల. రాజు ముఖం వెలిగిపోతోంది. ఇంతలో వరసలో ఒక పిల్ల తనదీ మఖే అంది. రాజు ఒప్పుకోక ఇంకో పదిహేనుమందిని తెచ్చాడు. ఈసారి రెండు జంటలు కలిశాయి.

ఇదేదో మాయ అన్నాడు రాజు. తనది కృత్తిక, ఇంతమందిలో ఒక్కరిదీ అది కాదాయె.

"అక్కడే ఉంది ప్రభూ తిరకాసు. తమతో ఎవరు కలుస్తారా అని తమరు చూశారు. ఎవరితో ఎవరైనా కలుస్తారా అని నేను చూశాను. ఒక్కొక్కరిని మిగతా అందరితోనూ జత కట్టి చూస్తే, పదిహేనుమందిలో నూటఅయిదు జంటలున్నాయి."

సభ నవ్వబోయి, రాజును చూసి ఆగిపోయింది. ఆయన సింహాసనం దిగి పేరిభొట్లు దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు.

"అది సరేగానీ, ఇవాళ భోజనాల దగ్గర నా కూతురు నాతో కూర్చునే వీలెంతో చెప్పు."

అడిగాక ఆయనకే సిగ్గేసింది. అసలు మంట ఎక్కడుందో పేరిభొట్లుకు అప్పుడు తెలిసింది.

"బడి మూయిస్తే అసలు లేదు ప్రభూ. యుద్ధం కథ ఎత్తుకుంటే సగానికి సగం. ఈ పూట ఏం నేర్చుకున్నావమ్మా అని అడిగితే మాత్రం, తమరు లేవమన్నా లేవదు."

రాజు గుర్రుగా చూసి, ఆపుకోలేక పకపకా నవ్వాడు. తన ముత్యాలహారం తీసి పంతులు మెడలో వేశాడు.

ఆ పూట అన్నం చల్లారిపోయింది. తండ్రీ కూతుళ్లు మాత్రం పళ్లేల ముందు నుంచి లేవలేదు.