ఏ పక్షాన మాట్లాడమంటారు?

"సార్, నేనెక్కడ తప్పాను?" అని హిమజ అడిగింది.

హన్మకొండలో కమలాకర్ సార్‌ని ఇలాంటి ప్రశ్న అడిగినవాళ్లకు వెంటనే జవాబు దొరకదు. పౌరశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. సాయంత్రాలు తన ఇంటి వరండాలో కాలేజీ పిల్లలకు వక్తృత్వం నేర్పుతారు. ఎదుటివాడి వాదాన్ని చీల్చి చెండాడడం నేర్పే ఆయనే, శిష్యులు తనను ఏదైనా అడిగితే మాత్రం వాదనకు దిగరు. కళ్లముందు ఏదో ఒకటి జరిగేదాకా ఓపిక పడతారు.

ఆ వరండాకు ఒక పద్ధతుంది. విషయం చెప్పగానే స్టీలు గ్లాసులోంచి చీటీ తీయాలి. అనుకూలమని వస్తే అనుకూలంగా, వ్యతిరేకమని వస్తే వ్యతిరేకంగా, అక్కడికక్కడే లేచి మాట్లాడాలి. నీ మనసులో ఏముందని అక్కడ ఎవరూ అడగరు. హిమజ ఆ చీటీల మీదే ఎదిగింది. ఉరిశిక్ష ఉండాలని పొద్దున చప్పట్లు కొట్టించుకుని, ఉండకూడదని మధ్యాహ్నం మళ్లీ కొట్టించుకున్న పిల్ల. ఆమె వస్తోందంటే పోటీలకు పేర్లివ్వడం మానేసినవాళ్లున్నారు.

అలాంటి హిమజకు లా కాలేజీలో సీటు రాలేదు. రాతపరీక్ష బాగానే గట్టెక్కింది. పోయింది ఇంటర్వ్యూలో. మధ్య కుర్చీలో ఉన్న పెద్దావిడ, "మీ హాస్టల్లో ఆడపిల్లలకు సాయంత్రం ఆరింటికే గేటు మూసేస్తారటగా. నువ్వేమంటావమ్మా?" అని అడిగింది.

"ఏ పక్షాన మాట్లాడమంటారు మేడం?" అంది హిమజ, క్షణం కూడా తడుముకోకుండా.

అందరూ నవ్వారు. రెండు పక్షాలా మాట్లాడమన్నారు. భద్రత గురించి మాట్లాడింది, స్వేచ్ఛ గురించి మాట్లాడింది, దేనికదే గెలిచేలా మాట్లాడింది. పెద్దావిడ మెచ్చుకోలుగా తలూపి, "బాగుంది. ఆ గేటు లోపల ఉండేది నువ్వే కదా తల్లీ. మరి నువ్వేమంటావు?" అని మళ్లీ అడిగింది.

మూడేళ్లుగా ఆ గేటు ఊచలు పట్టుకుని వాచ్‌మన్‌ని బతిమాలుకున్న పిల్ల, "రెండు వైపులా న్యాయం ఉంది మేడం" అని లేచి వచ్చింది.

"నాకంటే బాగా ఎవరు మాట్లాడి ఉంటారు సార్?" వరండా మెట్టు మీద కూర్చుని ఇప్పుడు మండిపడుతోంది. "నా మాటల్లో ఒక్క తప్పు, ఒక్కటంటే ఒక్కటి చూపించండి!"

"తప్పేం లేదమ్మా" అని సార్ ఊరుకున్నారు.

అప్పుడే ఇంటి గేటు ముందు ఆటో ఆగింది. నడుపుతున్నాయన ఇంజను ఆపకుండానే కూర్చున్నాడు. వెనకనుంచి నవత దిగి, చెప్పులు వదిలి, పరుగులాంటి నడకతో లోపలికి వచ్చింది. మొన్ననే ఇంటర్ అయిన పిల్ల. ఇదే వరండాలో మాట నేర్చుకుని, హైదరాబాద్‌లో పేరున్న డిగ్రీ కాలేజీలో ఇంటర్వ్యూ నెగ్గింది. ఆ సీటుకు సరేననడానికి ఈ సాయంత్రంతో గడువు అయిపోతుంది.

"నాయిన ఎటూ తేల్చుకుంట లేడు సార్. అమ్మకు పానం బాగుంట లేదు, ఈడనే ఏదో ఒక కాలేజీల చేరరాదే అంటడు. మళ్ల మనసు గుంజుతది. ఆఖరికి, మీ హిమజక్క తెలివిగల్లది, పోయి అడుగు, ఆమె ఏమంటే గదే అన్నడు." హిమజ వైపు తిరిగింది. "పొమ్మంటే పోత అక్కా."

సార్ హిమజ వైపు చూశారు.

హిమజ సర్దుకుని కూర్చుంది. హైదరాబాద్ వెళ్తే కలిగే లాభాలు చెప్పింది: మంచి లెక్చరర్లు, పెద్ద లైబ్రరీ, సొంతంగా బతకడం. వింటున్న నవత కళ్లు మెరిశాయి. ఆ వెంటనే రెండో వైపుకు వచ్చింది. మంచంలో ఉన్న తల్లి, ఒంటరితనం, ఇక్కడే ఉండి కూడా పైకొచ్చినవాళ్లు. అదీ అంతే బాగా చెప్పింది. నవత కళ్లు మెల్లగా కిందికి వాలాయి.

"మస్తు చెప్పినవ్ అక్కా" అంది చివరికి. "ఇంతకూ పోవాల్నా, వద్దా?"

హిమజ నోరు తెరిచింది. ఏ పక్షానికి ఎన్ని మాటలైనా ఉన్నాయి. ఈ ప్రశ్నకు కావలసిన మాట ఎక్కడుందో వెతుక్కుంటూ సార్ వైపు చూసింది. ఆయన కూడా ఆమె నోటివైపే ఆశగా చూస్తున్నారు.

బయట హారన్ మోగింది.

"ఏమన్నదే?" అని డ్రైవరు సీట్లోంచి తండ్రి కేకేశాడు.

నవత ఇంకాస్సేపు నిలబడింది. "ఏం అనలే నాయినా" అని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. ఆటో ముందుకు కదిలింది.

అది మలుపు తిరిగి బస్సుల మధ్య కలిసిపోతుండగా హిమజ దిగ్గున లేచింది. "పోవాలి సార్! ఆ పిల్ల పోవాలి! నేనైతే పోయేదాన్ని!" అంది. ఆ మాటకు ఏ చీటీ కావలసి రాలేదు. గేటుదాకా పరుగెత్తింది. రోడ్డు మీద ఆటోలు చాలా ఉన్నాయి. ఏది వాళ్లదో తెలియలేదు.

వెనక్కి వచ్చి ఫోన్ తీసింది. నవత నంబరు మీద వేలు పెట్టి ఆగిపోయింది. "ఇప్పుడు చేస్తే ఏమైనా లాభముంటుందా సార్?"

ఆ పూట కమలాకర్ సార్ ముఖం, గెలిచిన శిష్యుల పక్కన ఫొటోల్లో ఉండే ముఖంలా లేదు.

"చెయ్యమ్మా" అన్నారు. "నేను నేర్పినట్టు మాత్రం మాట్లాడకు."