ఐదో రాయి

అనగనగా ఒక అడవిలో ఎలుగుబంటి జుంటయ్యకి ఒక అంగడి ఉండేది. పుట్టతేనె, ఇప్పపూలు, ఎండు రేగుపళ్లు, ఏది కావాలన్నా అక్కడికే రావాలి. అంగడి ముందు ఒక మద్దిచెట్టు. దాని నీడ పడే వైపు, పల్లం మీద, వరసగా ఐదు గుండ్రటి రాళ్లు. అదే వాళ్ల గడియారం. మధ్యాహ్నం దాటాక నీడ సాగుతూ ఒక్కో రాయినీ తాకేది. సూర్యుడు పడమటి కొండ చాటుకి వెళ్లే ముందు ఐదో రాయిని తాకేది.

పొద్దున్నే వచ్చి, నీడ ఐదో రాయిని తాకేదాకా పనిచేసేవాళ్లు నిండుపనివాళ్లు. తొలకరి నాటికి నిండుపనిలో ఉన్నవాళ్లకి, వాళ్ల పిల్లలకి, వానాకాలమంతా జుంటయ్య పొడి గుహలో చోటు. అంతకంటే ముందే ఇంటికెళ్లేవాళ్లు ఒంటిపూటవాళ్లు. వాళ్లకి ఆ రోజు గింజలు ఆ రోజుతో సరి.

ఉడుత చారమ్మ ఆ అంగడిలో గింజలు ఏరేది. మూడేళ్లుగా నిండుపనే. ఆ ఏడు దానికి నలుగురు పిల్లలు. ఇంకా కళ్లు కూడా తెరవలేదు. గూడు చూస్తే చిల్లులమయం.

వేసవి చివర ఒకరోజు జుంటయ్య దాన్ని పిలిచాడు.

"చారమ్మా, బేరాలు తగ్గాయి. రేపటినుంచి నాలుగో రాయికే ఇంటికి వెళ్లిపో."

"ఒక్క రాయే కదండీ తగ్గింది. నేను నిండుపనిలో ఉన్నట్టే కదా, అయ్యగారూ?"

"నాలుగు రాళ్లయినా, ఒక్క రాయయినా, ఒంటిపూట ఒంటిపూటే," అన్నాడు జుంటయ్య.

బేరాలేం తగ్గలేదు, పిల్లలూ. గుహలో కాళ్లు బారజాపుకుని ఒక్కడే పడుకోవడం ఆయనకి ఇష్టం. అదీ అసలు సంగతి.

చారమ్మ అంతదూరం ఆలోచించలేదు. దాని చూపంతా గోరువంక పసిడి మీద పడింది. పసిడి గుమ్మంలో నిలబడి "రండి రండి" అని బేరగాళ్లని పిలిచేది. వచ్చి ఏడాదే అయింది. ఇప్పుడు ఐదు రాళ్లూ మిగిలింది దానికొక్కదానికే.

'నిన్నగాక మొన్న వచ్చిన దానికి ఐదు, నాకు నాలుగా?' చారమ్మ కడుపు రగిలిపోయింది. పసిడి పాడినా మంటే. పసిడి నవ్వినా మంటే. ఒక సాయంత్రం పసిడి ఎండుగడ్డి ముక్కున కరుచుకుని గుహవైపు ఎగరడం చూసింది. ఆ గడ్డి పరిచేది పోయినేడు చారమ్మ పిల్లలు పడుకున్న మూలలోనే. అది చూసి దానికి ఏడుపొచ్చింది.

పసిడి కిందికి దిగి, "అక్కా, నీకు ఒక రాయి తగ్గించారటగా. ఇద్దరం కలిసి అయ్యగారిని అడుగుదామా?" అంది.

"నీకేం తల్లీ, ఎన్నయినా చెబుతావు," అని చారమ్మ తోక విదిలించుకుని వెళ్లిపోయింది.

మర్నాడు జుంటయ్య చెవిలో, "పసిడి పని మానేసి పాటలు పాడుతోందండీ," అంది.

"ఆ పాటకే నలుగురు వస్తున్నారు, పాడనీ," అన్నాడు జుంటయ్య.

ఇంకోరోజు, "మీ గింజలు తినేస్తోందండీ," అంది.

"కింద పడ్డవే తింటోంది. నేనూ చూశాను," అన్నాడు.

చాడీలు పారలేదు. మూడోరోజు చారమ్మ అంగడి తెరవకముందే వచ్చింది. ఐదో రాయి కింద మట్టిని గోళ్లతో తవ్వేసింది. రాయి పల్లానికి దొర్లి దొర్లి, ఇరవై అడుగుల కింద ఆగింది.

ఆ సాయంత్రం సూర్యుడు కొండ చాటుకి వెళ్లిపోయాడు. నీడ రాయిదాకా పోనేలేదు.

జుంటయ్య వచ్చి గుంటని చూశాడు. గోళ్ల గీతల్ని చూశాడు. మీసాల్లోనే నవ్వుకున్నాడు.

"పసిడీ, నీడ రాయిని తాకలేదు. నువ్వూ ఒంటిపూటే."

"రాయి జరిగిందండీ. గుంట ఇక్కడే ఉంది, చూడండి," అంది పసిడి, ఏడుపు గొంతుతో.

"రాయి ఎక్కడుంటే అక్కడే ఐదో రాయి," అన్నాడు జుంటయ్య.

చారమ్మకి కడుపు చల్లబడింది. మర్నాడే వెళ్లి, "పసిడికి పోయిన నిండుపని నాకిప్పించండి, అయ్యగారూ," అంది.

"అలాగే, నీడ రాయిని తాకేదాకా చేసుకో."

చేసింది. నీడ తాకలేదు. రెండోరోజూ చేసింది, తాకలేదు. మూడోరోజు, "రాయిని దాని చోట పెట్టించండయ్యా," అని బతిమాలింది.

"జరిపింది నేను కాదుగా," అన్నాడు జుంటయ్య. "నాకైతే అక్కడే బాగుంది."

నాలుగోరోజు తొలకరి పడింది. గూటిలో ప్రతి చిల్లూ కారింది. చారమ్మ ఒక పిల్లని నోట కరుచుకుని గుహ దగ్గరికి పరిగెత్తింది. లోపల పసిడి పరిచిన ఎండుగడ్డి మీద జుంటయ్య ఒక్కడే పడుకుని ఉన్నాడు.

"ఈ ఏడు నిండుపనివాళ్లు ఎవరూ లేరు," అని అటు తిరిగి పడుకున్నాడు.

వణుకుతున్న పిల్లతో చారమ్మ పసిడి చెట్టుతొర్ర దగ్గరికి వెళ్లింది. "రాయిని దొర్లించింది నేనే," అంది.

పసిడి ఆ పిల్లని రెక్క కిందికి లాక్కుంది.

"తెలుసు. గోళ్ల గీతలు నేనూ చూశాను. మిగతా పిల్లల్ని కూడా తీసుకురా. నీతో మాటలు తర్వాత."

ఇరుకు తొర్రలో అందరూ ఒకరి మీద ఒకరు పడుకున్నారు. తెల్లారాక చారమ్మ ఒక్కతే వెళ్లి రాయిని నెట్టింది. పల్లానికి తోసినంత తేలికా, ఎగువకి నెట్టడం? అంగుళం కూడా కదల్లేదు. కాసేపటికి పసిడి వచ్చి ముక్కు ఆనించింది. ఎప్పుడో ఒంటిపూటకి దిగిపోయిన తాబేలు తాతయ్య వచ్చి వీపు ఆనించాడు. పొద్దు గుంకేలోగా రాయి తన గుంటలోకి చేరింది.

చారమ్మ నీడ కోసం చూసింది. ఆకాశమంతా మబ్బే. ఎండ లేనిదే నీడెక్కడిది? ఆ వానాకాలానికి గుహలో చోటు పోయినట్టే.

"ఎండ కాశాక అందరం కలిసి వెళ్లి అడుగుదాం, అక్కా," అంది పసిడి.

ఈసారి చారమ్మ 'నీకేం తల్లీ' అనలేదు. "ఆ రోజే అడగాల్సింది, చెల్లీ," అంది.

నీతి: మన చోటు ఎవరు లాక్కున్నారో చూసుకోకుండా పక్కవాళ్ల చోటు చూసి ఏడిస్తే, ఇద్దరి చోటూ పోతుంది.